పద్దు పుస్తకం నాది, పాసుపుస్తకం ఆయనది

మొన్న ఆదివారం మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, శుక్రవారం రిజిస్ట్రారాఫీసుకు రమ్మన్నాడు అన్న. సంతకం పెట్టి పోతే చాలంట. నువ్వూ పెట్టినావు కదా అప్పట్లో. పెట్టేదా?" అంది.

"పెట్టు" అనే మాట నోటిదాకా వచ్చింది. మా వైపు ఆడపిల్లలు ఈ ప్రశ్న ఎవర్ని అడిగినా వచ్చే జవాబు అదే. "పెట్టేయ్ మే, పుట్టింటి కన్నా ఎక్కువా?" అని మా జేజి అనేది, మా అమ్మ అనింది, నేనూ ఒకరిద్దరితో అన్నాను. ఈసారి మాత్రం "రెండు రోజులు ఆగు, ఆలోచించి చెప్తా" అన్నాను. ఆ రెండు రోజులు నాలో నేను వాదించుకున్నదే ఇక్కడ రాస్తున్నా. చదివి కొందరికి కోపం రావచ్చు. రానీండి.

ముందు నా సంగతి చెప్పాలి. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నల్లరేగడి నేల, ఎక్కువగా శనగ, కొంచెం పత్తి. నాయన పోయిన ఏడాదికి, 2008లో, నేను హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాను. ఆ రోజు పట్టుచీర పెట్టినారు, విందు చేసినారు, పసుపు కుంకుమ కింద అని యాభై వేలు చేతిలో పెట్టినారు. దస్తావేజు నాలుగు పేజీలు. నేను తెలుగు బి.ఏ. చదివినదాన్ని. ఛందస్సు, అలంకారాలు, పాత కావ్యాల పద్యాలకు టీకా తాత్పర్యాలు రాసి పాసైనదాన్ని. నా భాషలోనే రాసిన ఆ నాలుగు పేజీలు చదవలేదు. "యాడ పెట్టాల?" అని అడిగి, రాసినాయన వేలుతో చూపించిన చోటల్లా పెట్టేశాను.

ఏళ్ల తర్వాత నకలు తెప్పించుకుని చదివాను. ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా హక్కు వదులుకుంటున్నానని ఉంది. అబద్ధమేమీ కాదు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ అవసరం వాళ్లకు రాలేదు. చిన్నప్పటినుంచి నన్ను తయారు చేసింది ఆ సంతకం కోసమే.

నకలు ఎందుకు తెప్పించుకున్నానంటే, అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే పద్దు పుస్తకాలు దొరికాయి. పిల్లల నోటు పుస్తకాల్లో మిగిలిన పేజీలు చించి కుట్టుకున్నవి, పదకొండు. అమ్మ చదివింది ఐదో తరగతి. అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉన్నాయి. శనగ పీకిన కూలోళ్లకు ఇంత, పాలు పోసిన లెక్క ఇంత, చీటీ పాట ఇంత, పక్కింటి చేబదులు ఇంత. 1994లో ఒకచోట: "బోరుకు, గాజులు 6 తులాలు, ప్రొద్దుటూరు." అంతే, ఒక్క వరస. పుట్టింటోళ్లు పెట్టిన గాజులు ప్రొద్దుటూరు తీసుకుపోయి అమ్మి, ఆ డబ్బుతో చేన్లో బోరు వేయించారు. నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లు పడ్డాకే ఆ చేనికి విలువ వచ్చింది.

తర్వాత నాయన పట్టాదారు పాసుపుస్తకం తీసి పక్కన పెట్టి చూశాను. సర్వే నంబరుంది, విస్తీర్ణం ఉంది, నాయన ఫోటో ఉంది, సంతకం ఉంది. గాజుల ఊసు లేదు. అమ్మ పేరు లేదు.

మన ప్రతి ఇంట్లోనూ ఈ రెండు పుస్తకాలు ఉంటాయి. పద్దు పుస్తకం ఆడదాని చేతిరాత. పాసుపుస్తకం మగవాడి పేరు. ఒకటి ఆస్తి ఎట్లా నిలబడిందో చెబుతుంది, రెండోది ఆస్తి ఎవరిదో చెబుతుంది. మొదటిది పాత పేపర్లతో పాటు తూకానికి పోతుంది. రెండోది బీరువాలో, తాళం కింద. నా కోపం అంతా దీని మీదే.

మా ఊరి అంగళ్లలో పండగ పూజకు లెక్క పుస్తకాలు పీట మీద పెట్టి పసుపు కుంకుమ పెడతారు. రెండో బొంబాయి అని చెప్పుకునే ప్రొద్దుటూరులో వ్యాపారానికి ఆ పుస్తకమే దేవుడు. దానికి పసుపు కుంకుమ పెట్టేది అందులో ఉన్న ఆస్తి పెరగాలని. మనకు పసుపు కుంకుమ పెట్టేది మన పేరు ఆస్తిలోంచి తీసేయడానికి.

ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. 1800లో నిజాం మన సీమను ఇంగ్లీషోళ్లకు వదిలేశాడు. దత్తమండలాలు అన్న పేరు అట్లా వచ్చిందే. 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలు కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా నేరుగా రైతుతోనే శిస్తు లెక్క తేల్చే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. మంచి పనే. అయితే పట్టా ఇచ్చింది కుటుంబానికి కాదు, పట్టాదారుకు. ఆ పట్టాదారు ఎవరో వేరే చెప్పాలా? అదే కాలంలో మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించారు. చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరికిచ్చారు, గుడి ఎవరు కట్టించారు అన్నీ వాటిలో రాసుకున్నారు. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా తరతరాల కరణాలు ఊరి భూమిని సెంట్లతో సహా లెక్క రాశారు. గాజులు అమ్మి నీళ్లు తెచ్చినదాని కోసం ఏ లెక్కలోనూ ఒక గడి గీయలేదు.

మన సీమలోనే ఇట్లా అనుకునేరు. మన్రో ఇక్కడ పొలాలు కొలిపిస్తున్న రోజుల్లోనే, అమెరికాలో మెయిన్ ప్రాంతంలోని హాలోవెల్ అనే పల్లెటూళ్లో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని రోజూ లెక్క రాస్తూ ఉండేది. 1785 నుంచి 1812లో పోయేదాకా ఇరవై ఏడేళ్లు. 816 కాన్పులు చేసింది. ప్రతి కాన్పూ, దానికి రావాల్సిన డబ్బూ రాసుకుంది. కూతుళ్లు నేసిన బట్ట, తోటలో నాటిన మొక్కలు, ఎవరింట్లో ఎంత బాకీ, అన్నీ రాసింది. మగవాళ్లు రాసుకున్న లెక్కల్లో ఆడవాళ్ల పని కనపడదు. ఆమె పుస్తకం తెరిస్తే ఊళ్లో సగం వ్యాపారం ఆడవాళ్ల మధ్యే జరిగిందని తెలుస్తుంది.

అయితే ఆనాటి అక్కడి చట్టం ప్రకారం పెళ్లైన ఆడదానికి సొంత ఆస్తి అన్నదే లేదు. ఆమె సంపాదన కూడా భర్తదే. భర్త పోతే మనుషులు వచ్చి ఇంట్లో మంచం, కుండ, రాట్నంతో సహా ఆయన ఆస్తి కింద జాబితా రాసేవాళ్లు. భూమిలో మూడోవంతు, అదీ బతికున్నంత కాలం అనుభవించడానికి మాత్రం, ఆమెకు ఇచ్చేవాళ్లు. మార్తా భర్త పన్నులు వసూలు చేసే పని చేసి, కట్టాల్సింది కట్టలేక 1804లో బాకీదార్ల జైలుకు పోయాడు. అప్పుడు కొడుకూ కోడలూ వచ్చి ఆ ఇంట్లో దిగారు. ఇరవై ఏళ్లు ఆ ఇంటి లెక్క రాసిన మనిషి తన ఇంట్లోనే ఒక గదికి పరిమితమైంది. పొయ్యిలోకి కట్టెలకు కూడా ఎదురుచూసింది. ఇది చదివినప్పుడు నాకు అమెరికా కనపడలేదు. మా వీధిలో వెనక గదిలో ఉండే ముసలమ్మలు కనపడ్డారు.

ఆమె పుస్తకాన్ని చాలాకాలం చిల్లర సంగతుల చిట్టా అని పక్కన పెట్టేశారు. లారెల్ థాచర్ ఉల్రిచ్ అనే చరిత్రకారిణి ఏళ్లు కూర్చుని చదివి పుస్తకం రాస్తే, 1991లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. మా అమ్మ పదకొండు పుస్తకాలకూ ఏ బహుమతీ అక్కర్లేదు. ఒక వాటా వచ్చి ఉంటే చాలు.

"అది ఆ కాలం, ఇప్పుడు చట్టం ఉంది కదా" అంటారు. ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాయన స్వార్జితానికి వీలునామా రాయకుండా పోతే కొడుక్కు ఎంతో కూతురికీ అంతే. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన చట్టం 1986లో వచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకే వర్తించింది. ఢిల్లీ ఆ పని చేసింది ఇరవై ఏళ్ల తర్వాత, 2005లో, పెళ్లైనవాళ్లకు కూడా. తండ్రి 2005 నాటికి బతికి ఉండకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

దేశానికంటే ముందు మనకు వచ్చిన హక్కును మనం ఏం చేసుకున్నాం? విడుదల దస్తావేజు రాయించుకోవడానికి వాడుకున్నాం. చట్టం రాకముందు మన సంతకం ఎవరికీ అవసరం లేదు. చట్టం వచ్చాక అవసరమైంది, అంతే తేడా. మన సంతకం కావాలని పిలుస్తున్నారంటే మనకు హక్కు ఉందని పిలిచేవాళ్లకు తెలుసు. తెలియంది మనకే.

ఇక నాకు ఎదురయ్యే మాటలు ఒక్కొక్కటీ చెబుతాను.

"కట్నం ఇచ్చినాం కదా, అదే నీ వాటా." కట్నం తీసుకోవడం 1961 నుంచి నేరం. నేరమే లెక్కలో రాసుకుంటామంటే, సరే, రాద్దాం. నాకిచ్చిన కట్నం నా చేతికి రాలేదు. మా అత్తగారింట్లో పాత అప్పుకు జమైంది. ఆడపిల్ల పేరు చెప్పి ఒక మగవాడు ఇంకో మగవాడికి ఇచ్చిన డబ్బు ఆడపిల్ల వాటా ఎట్లా అవుతుంది?

"అమ్మానాయనల్ని చూసుకునింది అన్న కదా." న్యాయమైన మాట. చూసుకున్నవాళ్లకు ఎక్కువ రావాల్సిందే. అయితే చూసుకునింది ఎవరు? మా అమ్మకు కాలు విరిగి మంచాన పడినప్పుడు ఎత్తి కూర్చోబెట్టింది, గుడ్డలు మార్చింది మా వదిన. ఆ మాట మీద ఎక్కువ వాటా రాయాలంటే వదిన పేరు మీద రాయండి. నేను మొదటి సంతకం పెడతాను. వదిన పేరు కూడా పాసుపుస్తకంలో లేదు. ఆమె సేవ చూపించి ఆయన వాటా పెంచుకున్నాడు.

"సేద్యంలో ఏముందని పంచేది? అన్నీ అప్పులే." ఇదీ నిజమే. బోర్లు ఎండిపోయి, వందల అడుగులు దింపినా చుక్క రాక, చీనీ చెట్లు నరికి పొయ్యిలో పెట్టుకున్న ఇళ్లు పులివెందుల వైపు నాకు తెలుసు. అప్పులుంటే అప్పుల లెక్క కూడా ముందు పెట్టండి. తీసివేసి మిగిలింది చూద్దాం. ఏమీ మిగలకపోతే, తెలిసే వదులుకుంటాం. తెలిసి ఇస్తే దానం. తెలియకుండా ఇస్తే పోగొట్టుకోవడం.

"వాటా అడిగితే పుట్టిల్లు పోతుంది." అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే. రాఖీకి, సంక్రాంతికి పోయి నాలుగు రోజులు ఉండే తావు పోతుందని. నేనూ ఆ భయంతోనే పెట్టాను. కానీ ఒక మాట అడుగుతా. వాటా అడగని అన్నకు పుట్టిల్లు ఉంది, వాటా తీసుకున్న తమ్ముడికీ ఉంది. నోరు విప్పితే పుట్టిల్లు పోయేది మనకొక్కరికే ఎందుకు? సంతకం పెడితేనే నిలబడే ప్రేమకు ధర కట్టింది మనం కాదు.

ఇంతవరకు రాసింది చదివి "బాగా చెప్పింది" అనుకునేవాళ్లు ఆగండి. ఇప్పుడు చెప్పబోయేది నాకు రాయడానికే కష్టంగా ఉంది.

మా అత్తగారిది పులివెందుల వైపు. చీనీ తోట ఉంది. మా ఆడబిడ్డలు ఇద్దరు. 2013లో ఇద్దరూ వచ్చి మా ఆయన పేరు మీద సంతకాలు పెట్టిపోయారు. ఆ రోజు ఓళిగలు, చిత్రాన్నం చేసి వడ్డించింది నేను. చీరలు ఎంచి తెచ్చింది నేను. "నేను మా ఇంట్లో పెట్టలేదా, వీళ్లు పెడితే ఏం?" అనుకున్నది కూడా నేనే. ఆ తోట మీద వచ్చిన డబ్బు కూడా కలిపే ప్రొద్దుటూరులో ఈ ఇల్లు కట్టుకున్నాం. అంటే పుట్టింట్లో పోగొట్టుకున్నదాన్ని మెట్టినింట్లో ఇంకో ఇద్దరి నుంచి రాబట్టుకున్నాను. అదీ నా పేరు మీదికి రాలేదు, అది వేరే సంగతి.

ఈ ఏర్పాటు ఇన్నేళ్లు నిలవడానికి కారణం మగవాళ్లొక్కరే కాదు. ప్రతి ఇంట్లోనూ కూతురు పోగొట్టుకుంటుంది, కోడలు ఊరుకుంటుంది. ఇద్దరూ ఒకటే మనిషి. ఆడబిడ్డ సంతకం పెట్టే రోజు మనం వంటింట్లో ఉత్సాహంగా ఉన్నంత కాలం మన సంతకం రోజు ఇంకో వంటింట్లో ఓళిగలు వేగుతూనే ఉంటాయి.

ఇంటి పనికి విలువ గురించి కూడా ఒక మాట. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టింది. మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో ప్రభుత్వ సర్వే అంకెలున్నాయి. ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు. సంతోషమే. కానీ గమనించండి, కోర్టు ఆ లెక్క కట్టింది ఆమె చచ్చిపోయాక, నష్టపరిహారం కోసం. బతికున్నప్పుడు లేని ఖరీదు రోడ్డు ప్రమాదంలో పోయాక వచ్చింది. బతికున్న భార్య ఇంటి పని వల్లే భర్త సంపాదించగలిగాడు కాబట్టి ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమెకూ సమాన భాగం ఉందని 2023లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో అంది. అది ఒక తీర్పే, చట్టం కాలేదు. మన రాష్ట్రానిదీ కాదు. కాబట్టి కోర్టులు వచ్చి రాసిపెడతాయని కూర్చోవద్దు. మన లెక్క మనమే రాసుకోవాలి.

నేను మా చెల్లెలికి చెప్పినవే మీకూ చెబుతున్నా. దస్తావేజు నకలు ముందే ఇంటికి తెప్పించుకుని చదువు. అర్థం కాకపోతే చదివిన వాళ్లతో, వకీలుతో చదివించుకో. భూమికి 1-బి, అడంగల్ చూడు. ఏది పిత్రార్జితమో, ఏది స్వార్జితమో అడుగు. వదులుకోవాలనే ఉంటే వదులుకో, అది నీ ఇష్టం, కానీ ఎంత వదులుకుంటున్నావో అంకె తెలుసుకుని వదులుకో. ఒకసారి రిజిస్టరైన విడుదలను వెనక్కి తెచ్చుకోవడం మాటలు కాదు. బంగారం కొంటే బిల్లు నీ పేరు మీద రాయించు. పుట్టింటి బంగారం నీ స్త్రీధనం, దాని మీద భర్తకు హక్కు లేదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అది బోరుకో, స్థలానికో ఇవ్వాల్సి వస్తే తేదీ, తూకం, దేనికిచ్చావో రాసి ఆయన చేత సంతకం పెట్టించు. స్థలం కొంటే రిజిస్ట్రేషన్‌లో ఇద్దరి పేర్లూ ఉండాలని ఆ రోజే పట్టుబట్టు. మన సంతకం అంత ఖరీదైనదైతే, వాళ్ల సంతకం కూడా ఒకసారి అడుగుదాం.

శుక్రవారం గడిచిపోయింది. మా చెల్లెలు పోలేదు. "కాగితం పంపన్నా, చదువుకుని వస్తా" అని మాత్రం అనింది. అన్న కాగితం పంపలేదు, ఫోనూ చేయలేదు. చిన్నమ్మ నాకు ఫోన్ చేసి, "నువ్వే పాపను చెడగొట్టినావు" అని ఏడ్చింది. అన్నీ సుఖంగా తీరిపోయాయని చెప్పడం లేదు. తీరలేదు.

నా వంతు పని కూడా తీరలేదు. నిన్న రాత్రి నా పద్దు పుస్తకంలో చివరి పేజీ తీసి, పైన "ఆడబిడ్డలకు ఇవ్వాల్సినది" అని రాసి ఆయన ముందు పెట్టాను. కింద అంకె రాయలేదు, అది ఇద్దరం కూర్చుని వేయాల్సిన లెక్క. ఆయన చాలాసేపు చూసి, ఏమీ అనకుండా కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి పడుకున్నారు. పుస్తకం బల్ల మీద తెరిచే ఉంచాను. ఈ పొద్దు కూడా తెరిచే ఉంది.